గోడకెక్కిన మంచం

ముందే ఒట్టు పెట్టుకుంటున్నాను. తినే అన్నం మీద ఒట్టు, మా వాడకట్టు అమ్మవారి మీద ఒట్టు, నా రెండు కళ్ళ మీద ఒట్టు. ఇప్పుడు రాయబోయేదంతా అక్షరాలా జరిగింది. నన్ను ఎరిగినవాళ్ళు ఈపాటికే నవ్వుతూ ఉంటారని తెలుసు. నేను "నిన్న" అంటే "ఏ ఏడాది నిన్న?" అని అడిగే మనిషి మా ఇంట్లోనే ఉంది. అయినా సరే, ఒట్టంటే ఒట్టే.

పోయిన వారం జహనుమాలో ఓ పెళ్ళికి పోయాను. బరాత్ బయలుదేరదు. బ్యాండువాళ్ళు చాయ్ తాగుతున్నారు, పెళ్ళికొడుకు లోపల ఫొటోలు దిగుతున్నాడు. నాకేమో ఒక్కచోట నిలబడటం చేతకాదు. ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకి బరువు మార్చుకుంటూ, షేర్ ఆటోలకు అడ్డం తిరుగుతూ గేటు దగ్గరికి పోయేసరికి అక్కడ గుర్రం ఉంది. దాని మనిషి రోడ్డు పక్కన ఓ పాత ఫ్లెక్సీ పరిచి దాని మీద ఎండుగడ్డి పోశాడు. ఫ్లెక్సీలో ఎవరో నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. గుర్రం అప్పటికే ఆయన మీసం దాకా ఖాళీ చేసి చెవి మీద పడింది.

నా పక్కన నిలబడ్డ పెళ్ళివారి పెద్దమనిషి మూతి ముడిచాడు.

"ఛీ ఛీ, కింద ఏస్తరా అన్నా? జర ఎత్తుల ఏదన్న కట్టి పెట్టొచ్చు గదా."

"వద్దు! ఎత్తుల వద్దే వద్దు!" అని నేను అరిచేశాను. ఆయన నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ తరవాత నేను పెళ్ళి భోజనం కూడా కుదురుగా చెయ్యలేదు. ఖుబానీ మీఠా సగంలో వదిలేసి వచ్చానంటే నా మనసు ఎట్లా ఉందో ఆలోచించుకోండి.

మా ఇల్లు లాల్‌దర్వాజా నుంచి శాలిబండ వైపు పోయే గల్లీల్లో ఒకదాంట్లో ఉండేది. ముందు రెండు గదులు, మధ్యలో వాకిలి, వెనక రేకుల కప్పు కింద తబేలా. ఇంటికీ గుర్రాలకూ మధ్య తలుపు లేదు, గోనెపట్టా తెర ఒకటి వేలాడేది. అందుకని మా చారుకు గుర్రం వాసన, మా గుర్రాలకు పోపు వాసన. బడిలో నా పక్కవాడు ముక్కు మూసుకుంటే, "ఇది రాజుల వాసన, నీకేం తెలుస్తదిరా" అనేవాణ్ణి.

గుర్రాలు రెండు. ఒకటి గోధుమరంగు ముసలిది. టాంగా లాగీ లాగీ అలిసిపోయి, దాన్ని ఎవరూ ఏమీ అడగకపోతే చాలన్నట్టు ఉండేది. రెండోది తెల్లది. పెళ్ళిళ్ళ గుర్రం. మా ఇల్లు గడిచేదంతా దాని వీపు మీదే. అది ఎంత తెలుపంటే, ఉతికిన బట్టలు దాని పక్కన ఆరేస్తే మాసినట్టు కనబడి అమ్మ మళ్ళీ తీసుకుపోయి ఉతికేది. ఒట్టు పెట్టానుగా.

పొద్దున్నే పెద్ద డేగిసలో ఉలవలు ఉడికేవి. ఆ వాసనకు నాకు మెలకువ వచ్చేది. బాపు ముసలిదాని కాళ్ళు కడుగుతుండగా నేను ఓ గిన్నెడు తీసి, ఉప్పూ కారం చల్లి, ఉల్లిగడ్డ చిదిమి తినేసేవాణ్ణి.

"గుర్రం సన్నవడుతున్నది, వీడు బలుస్తున్నడు. సంగతేంది?" అనేవాడు బాపు.

"గుర్రం చేసే పని వీడు చేస్తలేడు గదా, అందుకే" అనేది అమ్మ.

ఎండాకాలం బాపు రెండింటినీ ఊరి చివర బయళ్ళకు తోలుకుపోయి మేపుకొచ్చేవాడు. అసలు బాధ ఆషాఢంతో మొదలయ్యేది. పెళ్ళిళ్ళు ఉండవు. వాన. బయళ్ళన్నీ బురద. గుర్రాలు రోజంతా తబేలాలోనే, ఎండుగడ్డి మీదే. పైగా బోనాల డప్పులు. ఓ గల్లీలో ఆగితే ఇంకో గల్లీలో. తెల్లది కట్టుగొయ్య దగ్గర నాలుగు కాళ్ళూ మార్చి మార్చి ఎత్తేది. నేను నా రెండు కాళ్ళూ మార్చి మార్చి ఎత్తేవాణ్ణి. మా ఇద్దరినీ చూసి అమ్మకు తల తిరిగేది.

గడ్డిని కింద బండల మీదే వేసేవాళ్ళం. తెల్లది పది పరకలు తినేది, ఇరవై తొక్కేది, తొక్కినదాని మీద ఉచ్చ పోసేది. తరవాత ఆ గడ్డి దానికే అసహ్యం. మోపులో సగం పెంటకుప్పకు పోయేది. చీపురు పట్టుకుని బాపు తిట్టని తిట్టు లేదు.

ఆ తిట్లు వినడానికే వచ్చినట్టు చాచా వచ్చేవాడు. చాచా అంటే మా గల్లీ మొదట్లో ఉండే ముసలాయన. పడుచుతనంలో ఓ నవాబుగారి పెద్ద దేవిడీలో గుర్రాల పని చేశాడు. దేవిడీ పోయింది, గుర్రాలు పోయాయి, మాటలు మిగిలాయి. గడపలో కూర్చుని, అమ్మ ఇచ్చిన చాయ్ సాసర్లో పోసుకుని మొదలుపెట్టేవాడు.

"మా దేవిడీల గడ్డి కింద ఏస్తుంటిమా? తోబా! గోడకు ఇంత ఎత్తున ఇత్తడి జాలీలుండె. గుర్రం తల ఎత్తి తినాలె. నవాబు లెక్క! మెడ ఎట్లుండాలె? గిట్ల!" అని తన మెడ ఎత్తి చూపించేవాడు. చాయ్ గడ్డం మీద పడేది.

ఆ ఇత్తడి జాలీలు బాపు బుర్రలో పడ్డాయి. ఓ ఆదివారం అమ్మ గుడికి పోయింది. ఆమె పుట్టింటి నుంచి వచ్చిన ఇనుప పట్టీల మంచం ఒకటి ఉండేది మా ఇంట్లో. చుట్టాలు వస్తేనే పరిచేవాళ్ళం. బాపు ఆ మంచాన్ని తెచ్చి, తబేలా గోడకు గుర్రం తల కంటే ఎత్తున, ఏటవాలుగా నిలబెట్టి, కప్పు దూలానికి మోకులతో కట్టాడు. మంచానికీ గోడకూ మధ్య గడ్డి కుక్కాడు. పట్టీల సందుల్లోంచి గడ్డి బయటికి వచ్చింది. తెల్లది తల ఎత్తి ఒక్క గుంజు గుంజింది. ఒక్క పరక కింద పడలేదు.

అమ్మ గుడి నుంచి వచ్చింది. కుంకుమ చేతిలోనే ఉంది.

"మంచమేది?"

ఆమె గోనెతెర ఎత్తి చూసింది.

"మా అమ్మ పెట్టిన మంచం! గుర్రానికి తొట్టి చేసిన్రా?"

"నేనే కట్టినే. ఎంత గడ్డి మిగుల్తదో సూడరాదు."

"రేపు మా అన్నొస్తే ఏడ పండాలె? గోడ మీదనా?"

ఆ లొల్లి మూడు రోజులు నడిచింది. కానీ గడ్డి మిగలడం నిజం. ఈ విడ్డూరం చూడటానికి గల్లీ అంతా వచ్చింది. నా ఈడు పిల్లల దగ్గర నేను తలకు ఒక గోలీ చొప్పున తీసుకుని లోపలికి వదిలాను. రెండు జేబులూ నిండి నిక్కరు జారిపోయింది.

రెండు వారాలు గడిచాయి. ఓ పొద్దున తెల్లది తుమ్మింది.

గుర్రం తుమ్మితే ఏముందిలే అనుకుంటారేమో. ఆ తుమ్ముకు ఉలవల డేగిస మూత లేచి చూరుకు తగిలింది. రెండో తుమ్ముకు పక్కింటివాళ్ళు ఆరేసుకున్న అప్పడాలు మా వాకిట్లో పడ్డాయి. వేయించుకుని తిన్నాం కూడా. ఆ తరవాత రోజూ అదే వరస. కళ్ళ వెంబడి నీళ్ళు, ముక్కు వెంబడి నీళ్ళు, నడుమ నడుమ దగ్గు. ముసలిది కూడా తుమ్మేది, కానీ దాని తుమ్ము కూడా దాని లాగే, వినీవినబడనట్టు.

దిష్టి అన్నారు. గల్లీ అంతా వచ్చి చూసిపోయింది కదా మరి. అమ్మ ఎండుమిరపకాయలు తిప్పి తబేలాలోనే నిప్పుల మీద వేసింది. దాంతో తెల్లదీ ముసలిదీ బాపూ అమ్మా నేనూ, దారిన పోతున్న కూరగాయల బండివాడూ, అందరం కలిసి తుమ్మాం. దిష్టి పోయిందేమో గాని తుమ్ములు పోలేదు.

శ్రావణం వచ్చింది. మొదటి లగ్గం శాలిబండలో. తెల్లదానికి జరీ గుడ్డ కప్పి, నుదుటికి అద్దాల పట్టీ కట్టి తోలుకుపోయాం. నేను కళ్ళెం పట్టుకున్నాను. పెళ్ళికొడుకు పీట మీద కాలు పెట్టి ఎక్కి కూర్చున్నాడు. బ్యాండు మొదలవబోతుండగా తెల్లది తుమ్మింది.

"ఆగుండ్రి!" అని ఓ ముసలాయన చెయ్యెత్తాడు. "బయలెల్లంగ తుమ్ము. దిగు బిడ్డా, దిగు. జర కూసో, నీళ్ళు తాగు."

పెళ్ళికొడుకు దిగాడు, కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, ఎక్కాడు. తెల్లది మళ్ళీ తుమ్మింది.

"జంట తుమ్ము మంచిదే" అన్నాడు ఒకాయన.

"మనిషి తుమ్మితే లెక్క గాని, గుర్రం తుమ్మితే ఏం లెక్కనే?" అన్నాడు ఇంకొకాయన.

"ఎక్కేది గుర్రం మీద గాదా? దానిదే లెక్క!"

వాళ్ళు తేల్చుకునే లోపల తెల్లది మూడోసారి తుమ్మింది. పెళ్ళికొడుకు మేనమామ స్కూటర్ తెచ్చాడు. పెళ్ళికొడుకు దాని వెనక కూర్చున్నాడు, బ్యాండు దాని వెనక నడిచింది. జరీ గుడ్డ కప్పుకున్న గుర్రంతో మేము ఖాళీగా ఇంటికి వచ్చాం.

రెండు రోజుల్లో ఆ సంగతి అంతటా పాకింది. తుమ్ముల గుర్రం అని పేరు పడింది. మాట్లాడుకున్న పెళ్ళిళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వద్దని చెప్పిపోయారు. నాలుగో రోజు తెల్లదాన్ని కొంటానని ఇటుకబట్టీ సేట్ వచ్చాడు. ఆయన దగ్గర గుర్రాలు వీపున ఇటుకలు మోస్తాయి. వాటి వీపులు నేను చూశాను. వెంట్రుక ఉండదు.

"తుమ్మినా దగ్గినా నాకు ఫికర్ లేదన్నా. ఇటుకలకు శకునాలుండవు" అన్నాడు సేట్. "పది రోజులకు బండి తెచ్చి తీస్కపోత. మాట గదా?"

"మాటే" అన్నాడు బాపు.

ఆ రాత్రి కూరలో అమ్మ ఉప్పు వెయ్యలేదు. అందరం అట్లాగే తిన్నాం.

అప్పుడే నేను చెయ్యాల్సిన పని చేశాను. మరునాడు గడ్డి వేసే వేళ, తెల్లదాని పక్కన ముసలిదాని దాణా పీపా మీదకెక్కి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, తల పైకెత్తి, మంచంలోంచి పళ్ళతో గడ్డి గుంజాను. ఎండుగడ్డి రుచి ఎట్లా ఉంటుందంటారా? మొదట ఏమీ ఉండదు, తరవాత కొంచెం తియ్యగా, తరవాత చీపురు నమిలినట్టు. మూడో గుంజుకు పై నుంచి నుసి కళ్ళలో పడింది. నాలుగో గుంజుకు ముక్కులో పడింది. నేను వరసగా పదకొండు తుమ్ములు తుమ్మి పీపా మీద నుంచి పడ్డాను.

"బాపూ! మంచం! మంచం తుమ్మిపిస్తున్నది!" అని అరిచాను.

చాచా అప్పుడు గడపలోనే ఉన్నాడు. కర్ర పట్టుకుని లేచొచ్చి, మంచం కింద చెయ్యి చాచి, ఓసారి పట్టీని తట్టాడు. అరచేతిలో నుసి రాలింది. తలకొట్టుకున్నాడు.

"అరె పాగల్! నుసి గడ్డి గట్లనే ఎత్తి పెట్టినవా? దిమాగ్ ఉందా నీకు?"

"నువ్వే గదా చాచా, దేవిడీల పైన పెడ్తుంటిమంటివి" అన్నాడు బాపు.

"దేవిడీల రోజూ గడ్డిని దుప్పటి మీద దులిపేతందుకు ఇద్దరు నౌకర్లుండిరి! ఇద్దరు! గది సగం రోజు పని. నీ తాన నౌకర్లున్నరా?"

ఇత్తడి జాలీల గురించి వందసార్లు చెప్పిన చాచా, ఆ ఇద్దరు నౌకర్ల గురించి ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పుకోదగ్గ గొప్ప కాదు కదా అది. బాపు మాత్రం తల దించుకుని, "నాదే తప్పు చాచా" అన్నాడు.

ఇక తొమ్మిది రోజులు మా ఇంట్లో ఎవరమూ కూర్చోలేదు. కింద వేస్తే తొక్కుడు, పైన పెడితే తుమ్ముడు. చాచా తాడుతో వల అల్లుకొచ్చి, గడ్డి నింపి, గుర్రం రొమ్ము దగ్గర వేలాడగట్టాడు. బాగుంది అనుకునే లోపల వల ఖాళీ అయి కిందికి సాగింది. ముసలిది దాంట్లో ముందుకాలు పెట్టి ఇరికించుకుంది. అన్నేళ్ళలో అది గట్టిగా అరవడం నేను విన్నది అప్పుడే. చాచా తాను రెండు రోజులు అల్లిన వలను తానే కత్తితో కోసేశాడు.

"సాలు. మీ ఆటలు సాలు" అంది అమ్మ. వాకిట్లో బట్టలు నానబెట్టే సిమెంటు గోళెం ఒకటి ఉండేది మాకు. అడుగున పగిలి నీళ్ళు నిలవక ఓ మూల పడేశాం. అమ్మ దాన్ని దొర్లించుకుంటూ తబేలాలోకి తెచ్చి మూలకు నిలబెట్టింది. దాంట్లో గడ్డి వేసి, పైన ఓ చెంబెడు నీళ్ళు చల్లింది. నుసి అణిగింది. మిగిలిన నీళ్ళు పగులులోంచి కారిపోయాయి. తెల్లది తల వంచి గోళెంలో పెట్టింది. గోళెం గోడ మోకాలెత్తున ఉంది, తొక్కే వీలు లేదు. తలెత్తి మమ్మల్ని చూసింది. తుమ్మలేదు. మళ్ళీ వంచింది.

"ఇన్ని రోజులు నన్నెవ్వరు అడిగిన్రు?" అంది అమ్మ.

రోజురోజుకూ తుమ్ములు తగ్గాయి. ఎనిమిదో రోజుకు కంటినీరు ఆగింది. కానీ పదో రోజు రాక ఆగలేదు. సేట్ వచ్చాడు.

"తుమ్ములు తగ్గినయట గదా! మంచిదే. నాకింకా మంచిదే" అన్నాడు.

"జర ఇడిసిపెట్టు సేట్" అన్నాడు బాపు.

"మాటంటే మాటన్నా. మాట మీదనే గదా బతుకుడు."

బాపు ఇచ్చిన మాట తప్పే మనిషి కాడు. పగ్గం విప్పాడు. నేను అప్పటికి అక్కడ లేను. పైన రేకుల కింద, దూలం మీద బోర్లా పడుకుని ఉన్నాను. మంచం ఇంకా గోడకే ఉంది. అడుగున నెల రోజుల నుసి ఉంది. సేట్ పగ్గం అందుకుని గడప వైపు తిరిగాడు. సరిగ్గా మంచం కిందికి వచ్చేసరికి నేను మంచాన్ని ఒక్కసారి ఊపాను.

సేట్ తుమ్మాడు.

అంత పెద్ద తుమ్ము తెల్లది కూడా తుమ్మలేదు. తుమ్మి, బయలుదేరిన కాలు ఆపి, నిలబడిపోయాడు. ఇటుకలకు శకునాలు లేవుగాని, ఇటుకల సేట్‌కు ఉన్నాయి.

"కూసోన్రి సేట్, కూసోన్రి. నీళ్ళు తాగి పోదురు" అని అమ్మ పీట తెచ్చి వేసింది. ఎక్కడ వేసిందంటారా? మంచం కిందే. వేస్తూ ఒక్కసారి పైకి, నా వైపు చూసింది. కనుబొమ్మ కూడా కదపలేదు.

సేట్ కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, లేచాడు. నేను ఊపాను. మళ్ళీ తుమ్మాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఏడోసారికి పగ్గం బాపు చేతిలో పడేశాడు.

"గీ తుమ్ము అంటుకునేదన్నా! నాకొద్దు. మాట లేదు, ఏం లేదు. నువ్వే ఉంచుకో!"

ఆయన బండి గల్లీ మలుపు తిరిగేదాకా బాపు పగ్గం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తరవాత తెల్లదాని మెడ మీద తల ఆనించాడు. ఆ తరవాత అది చాలా పెళ్ళిళ్ళు మోసింది. శాలిబండ ముసలాయన మనవడి పెళ్ళి కూడా.

ఇప్పుడు ఆ తబేలా చోట నాలుగంతస్తుల ఇల్లుంది. కింద స్కూటర్లు పెడుతున్నారు. చాచా లేడు, అమ్మ లేదు, బాపు లేడు.

ఇక ఒట్టు సంగతి. డేగిస మూత నిజం. అప్పడాలు నిజం. సేట్ ఏడు తుమ్ములూ నిజం, కావాలంటే ఎనిమిది. నేను కల్పించింది ఒక్కటే. మంచం కట్టింది బాపు కాదు.

ఆ ఆదివారం బాపు ఊళ్ళో లేడు, గడ్డి బేరానికి పోయాడు. ఇత్తడి జాలీలు తిరిగింది నా బుర్రలోనే. నేనే ఈడ్చుకొచ్చాను, నేనే దూలమెక్కి కట్టాను. అమ్మకంటే కాస్త ముందు బాపు ఇల్లు చేరాడు. మంచం చూశాడు, నన్ను చూశాడు. ఆమె "గుర్రానికి తొట్టి చేసిన్రా?" అన్నప్పుడు "నేనే కట్టినే" అన్నది అందుకు. నుసి సంగతి కూడా నాకు మొదటిరోజే తెలుసు. కడుతుంటేనే కళ్ళలో పడింది. చెబితే మంచం ఎవరు కట్టారో చెప్పాలి. గుర్రం తుమ్మినన్నాళ్ళూ, స్కూటర్ వెనక బ్యాండు పోయిననాడూ, సేట్‌కు మాట ఇచ్చిననాడూ నేను నోరు మూసుకున్నాను. గడ్డి నమలడం, పీపా మీద నుంచి పడటం, అదంతా నా పేరు రాకుండా చెప్పడానికి నేను వెతుక్కున్న దారి. చాచా "దిమాగ్ ఉందా" అన్నది నన్ను అనాల్సింది.

పెద్దయ్యాక ఈ కథ ఎన్నోసార్లు, ఎందరికో, ఇట్లాగే చెప్పాను. బాపు పక్కనే కూర్చుని వినేవాడు. మంచం దగ్గరికి వచ్చేసరికి నేను ఆయన వైపు చూడకుండా, కాలు ఊపుతూ, తొందర తొందరగా దాటబోయేవాణ్ణి. ఆయన మాత్రం ఎవరూ అడగకముందే, "అవునే, నేనే కట్టిన" అనేవాడు.